ఓడల ట్రాకింగ్ సర్వీసు: ఎనిమిది నెలలు వాడాక

మాది బరంపురం. గోపాల్‌పూర్ పోర్టు నుంచి బొగ్గు తోలే లారీలున్నాయి మాకు. కిందటేడు ఫ్రీ యాప్‌లో ఓడ గురువారం పొద్దున వస్తుందని చూసి తొమ్మిది లారీలు ఖాళీగా తెచ్చి నిలబెట్టాం, అదేమో శనివారం సాయంత్రం వచ్చింది, అప్పటిదాకా డ్రైవర్ల భత్తాలు మా చేతి నుంచే పోయాయి, రాయగడ వైపు దొరికిన లోడు కూడా వదులుకున్నాం. ఆ దెబ్బతోనే డబ్బు కట్టి ఈ సర్వీసు తీసుకున్నాం.

అప్పుడు తప్పెక్కడ జరిగిందో దీన్ని వాడాకే అర్థమైంది. పెద్ద ఓడల్లో ఏఐఎస్ అనే పరికరం ఉంటుంది. విదేశాలకు తిరిగే ఓడ 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఉంటే అది తప్పనిసరి. ఎక్కడుంది, ఎంత వేగంతో ఎటు పోతోంది అన్నది కొన్ని సెకన్లకోసారి రేడియోలో తనంతట తనే పంపిస్తుంది. కానీ గమ్యం, చేరే టైము మాత్రం ఓడలో మనిషి చేత్తో కొట్టాలి. ఎప్పుడో కొట్టింది మార్చకపోతే మనకూ ఆ పాతదే కనబడుతుంది. పైగా అది యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైములో ఉంటుంది, మన టైము కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. మేం నమ్మింది ఈ టైమునే!

ఈ సర్వీసు అది పక్కనపెట్టి సొంత లెక్క వేరేగా చూపిస్తుంది. అదే దారిలో ఇంతకుముందు వచ్చిన ఓడలు ఎటు తిరిగాయి, ఈ ఓడ ఇప్పుడు ఎంత వేగంతో వస్తోంది అన్నది చూసి టైము మారుస్తూ ఉంటుంది. ఇంకా వెయ్యి నాటికల్ మైళ్ళు ఉందనుకోండి, 12 నాట్లతో (గంటకి 12 నాటికల్ మైళ్ళు) వస్తే 83 గంటలు, 11కి తగ్గితే 91. ఆ ఎనిమిది గంటలు మాకు ఒక పూట పని. అక్టోబరులో అల్పపీడనం పట్టి ఓడ నెమ్మదించినప్పుడు ఒక రోజు వెనక్కి జరిగిందని ముందే చూపించింది, లారీలు ఆపుకున్నాం. ఇంకొకటి, తీరంలో ఉండే యాంటెన్నాలకు నడిసముద్రంలో ఓడ అందదు. సుమత్రా దాటి బంగాళాఖాతంలోకి రాగానే ఫ్రీ యాప్‌లో మాయమైపోయేది. ఇందులో ఉపగ్రహం డేటా ఉంది కాబట్టి దారంతా కనిపిస్తోంది, ఆ టెన్షన్ పోయింది.

నాకు నచ్చనిది ఒక్కటే, అది చిన్నదేం కాదు. ఓడ వచ్చి పోర్టు బయట లంగరేస్తే చాలు, ఇది 'చేరింది' అంటుంది. బెర్త్ (ఓడ కట్టి సరుకు దించే చోటు) ఖాళీ ఉందా, ఓడని లోపలికి తెచ్చే పోర్టు పైలట్ ఎప్పుడు ఎక్కుతాడు, ముందు ఎన్ని ఓడలున్నాయి, ఇవేవీ దాని లెక్కలో లేవు. మాకు కావాల్సింది క్రేన్ గ్రాబ్ (బొగ్గు ఎత్తే తొట్టి) ఎప్పుడు బొగ్గు ఎత్తుతుందన్నది! అందుకే లంగరు దాకా యాప్ చూస్తాను, అక్కడి నుంచి పోర్టులో ఓడ పనులు చూసే ఏజెంట్‌కి ఫోన్ చేస్తాను. ఈ సంగతి కంపెనీకి రెండుసార్లు రాశాను, చూస్తామన్నారు, అంతే.

నెలకి రెండు ఓడలైనా చూసుకునేవాళ్ళయితే తీసుకోండి, డబ్బు వృథా కాదు. ఎప్పుడో ఒక ఓడ అయితే ఏజెంట్‌ని అడగడం మేలు. 5కి 4 ఇస్తున్నాను. పారాదీప్‌లో, విశాఖలో తోలేవాళ్ళెవరైనా బెర్త్ టైము ముందుగా ఎలా పట్టుకుంటున్నారో ఇక్కడ రాయండి, నాకు నిజంగా కావాలి.