అడ్రినల్‌కు ఏది మేలు: నెయ్యా, శనక్కాయ నూనెనా, ప్యాకెట్ నూనెనా?

కావలిలో ఉండే మా వదినకు ఆర్నెల్లుగా ఒకటే నీరసం. "మీ అడ్రినల్ అలిసిపోయింది, పరగడుపున నెయ్యి తాగండి" అని ఏదో వీడియోలో చెప్పారట. ఆ రోజు నుంచి ఆవిడ కాఫీ మీద నెయ్యి తేలుతోంది, గానుగ శనక్కాయ నూనె డబ్బా అటకెక్కింది.

వీడియో మాటలో కొంత నిజముంది. కిడ్నీల మీద టోపీల్లా ఉండే ఈ అడ్రినల్ గ్రంథుల బయటి పొర కార్టిసాల్, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్లను కొలెస్ట్రాల్ నుంచే తయారుచేస్తుంది. నెయ్యిలో కొలెస్ట్రాల్ ఉంది, గింజల నూనెల్లో లేనట్టే. అంతమాత్రాన మనం పోసిన నెయ్యి నేరుగా అక్కడికి పోదు. గ్రంథి తనకు కావలసింది రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ కణాల నుంచి తీసుకుంటుంది, కొంత తానే చేసుకుంటుంది, బొట్లుబొట్లుగా దాచుకుంటుంది కూడా. లివర్ రోజూ కొలెస్ట్రాల్ తయారుచేస్తూనే ఉంటుంది. నెయ్యి వాసనే పడని వాళ్లకూ తెల్లారేసరికి కార్టిసాల్ పెరుగుతుంది. టీస్పూన్ నెయ్యిలో కొలెస్ట్రాల్ 15 మిల్లీగ్రాములకు మించదు, ఒక కోడిగుడ్డులో దాదాపు 200! ఇక అడ్రినలిన్‌కు కొవ్వుతో పనే లేదు, అది టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వస్తుంది.

కాబట్టి అడ్రినల్ కోసమైతే మూడూ ఒకటే. గుండె కోసమైతే కాదు. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే శాచురేటెడ్ కొవ్వు నెయ్యిలో 60 శాతం పైమాటే, శనక్కాయ నూనెలో 20 లోపు, సన్‌ఫ్లవర్‌లో ఇంకా తక్కువ. కృష్ణపట్నం రిఫైనరీల నుంచి వచ్చే పామాయిల్‌లో దాదాపు సగం. నా ఓటు శనక్కాయ నూనెకే. చేపల పులుసు మీద ఎర్రగా తేలే ఆ నూనె రుచి ప్యాకెట్ నూనెకు రాదు. నెయ్యి, వేడన్నంలో కందిపొడికి తోడు ఒక్క స్పూన్ చాలు.

అసలు 'అడ్రినల్ ఫెటీగ్' అనే జబ్బును ఎండోక్రైనాలజిస్టులు, అంటే హార్మోన్ల డాక్టర్లు, ఒప్పుకోరు. ఈ గ్రంథులు హార్మోన్లను చాలినంత చేయలేని అడిసన్స్ జబ్బు వేరు: బరువు తగ్గడం, చర్మం నల్లబడటం, ఉప్పు మీద యావ. దానికి ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ టెస్ట్ చేస్తారు. మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగి ఉన్నట్టుండి ఆపేసేవాళ్లకు మాత్రం ఈ గ్రంథులతో నిజంగానే ప్రమాదం.

చివరికి వదినకు రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 8.5, అంటే రక్తహీనత. ఇప్పుడు మా గొడవ నెయ్యి గురించి కాదు, ఐరన్ మాత్రను, దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వని ఆ కాఫీతోనే మింగుతోందని.