ప్లగ్ పవర్ మీటర్: మా ఇంటి వైరింగ్ గుట్టు బయటపెట్టిన డబ్బా

కోఠి గుజరాతీ గల్లీలో 900 రూపాయలు పెట్టి ఒక ప్లగ్ పవర్ మీటర్ కొన్నాను. గోడ సాకెట్‌లో దీన్ని గుచ్చి, దీనికి మన మిక్సీనో గీజర్‌నో తగిలిస్తే వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, పవర్ ఫ్యాక్టర్, యూనిట్లు బటన్ నొక్కినకొద్దీ ఒక్కొక్కటే చూపిస్తుంది. పెట్టె మీద ఊరూ పేరూ లేని కంపెనీ. ఇంట్లోనే పొడులు, దోశ పిండి ఆర్డర్ల మీద చేసి ఇస్తుంటాను, కరెంటు ఖర్చు ధరలో ఎంత కలపాలో తెలియాలి, అందుకే కొన్నాను.

ముందు మీటర్ మాటే ఎంత నిజమో చూడాలి కదా. దానికి ఇస్త్రీ పెట్టె బాగా పనికొస్తుంది, లోపల ఉన్నది ఉత్త హీటింగ్ కాయిలే, కాబట్టి వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే సరిగ్గా వాట్లు రావాలి. మాది 1000 వాట్లది. మీటర్ 228 వోల్టులు, 4.2 ఆంపియర్లు, 958 వాట్లు చూపింది. 228ని 4.2తో గుణిస్తే 957.6. భాగిస్తే 54.3 ఓమ్స్, అది కాయిల్ నిరోధం, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు. పెట్టె మీద రాసిన 230 వోల్టులు, 1000 వాట్ల లెక్కన 52.9 ఓమ్స్ రావాలి. 900 రూపాయల వస్తువుకు ఈ మాత్రం తేడా నేను పట్టించుకోను. ఈ లెక్క వేడి మీద ఉన్న కాయిల్‌కే. పాతకాలపు 100 వాట్ల ఫిలమెంట్ బల్బుకు వెలుగుతున్నప్పుడు 529 ఓమ్స్ ఉంటే, ఆర్పి చల్లారాక ఓమ్స్ కొలిచే మల్టీమీటర్ పెడితే అందులో పదో వంతు కూడా చూపదు. బల్బు పాడైందేమో అని టెన్షన్ పడక్కర్లేదు.

గ్రైండర్ దగ్గర లెక్క మారిపోతుంది. 230 వోల్టులు, 0.9 ఆంపియర్లు. గుణిస్తే 207 రావాలి, మీటర్ మాత్రం 150 వాట్లే అంటుంది. మీటర్ తప్పేం లేదు. మోటార్‌లో కరెంటు వోల్టేజీతో కలిసి నడవదు, కాస్త వెనకబడుతుంది, అందుకే పవర్ ఫ్యాక్టర్, అంటే 150ని 207తో భాగిస్తే వచ్చేది, 0.72. మన ఇళ్ల బిల్లు వాట్ల మీదే కాబట్టి పిండి ధరలో నేను కలుపుకునేది 150 లెక్కే. ఇక్కడ 230ని 0.9తో భాగించి 255 ఓమ్స్ అనుకుంటే కుదరదు, మోటార్ లోపలి తీగచుట్ట (వైండింగ్) అసలు నిరోధం అంతకంటే చాలా తక్కువ. ఉత్త ఆంపియర్లు చూపే క్లాంప్ మీటర్‌కు ఈ తేడా తెలియదు. అందుకే ఇంటికి ఇదే నయం అంటాను.

ఇక గీజర్. మాది 2000 వాట్లది, అంటే 26.45 ఓమ్స్. సాయంత్రం మా వీధిలో వోల్టేజీ 195కు దిగినప్పుడు అది తీసుకునేది 1440 వాట్ల లోపే. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి రావడానికి 18 నిమిషాలు చాలేది కాస్తా 25 దాటుతుంది. యూనిట్లు మాత్రం రెండు సార్లూ ఇంచుమించు 0.6. "లో వోల్టేజీ ఉంటే గీజర్ కరెంటు ఎక్కువ తాగుతుంది" అని మా వీధిలో అందరూ అనే మాట తప్పని మీటర్ ముందు నిలబెట్టి చూపించాను. ఫ్రిజ్, బోరు మోటార్ సంగతి వేరే, వోల్టేజీ తగ్గితే వాటికి ఆంపియర్లు పెరుగుతాయి.

డబ్బులు వసూలైంది మాత్రం ఇంకో చోట. గీజర్ ఆన్ చేయకముందు 228 వోల్టులు, చేయగానే 222. కరెంటు 8.4 ఆంపియర్లు. అంటే దారిలో ఎక్కడో 6 వోల్టులు పోతున్నాయి. 6ని 8.4తో భాగిస్తే 0.7 ఓమ్, గుణిస్తే 50 వాట్లు, అదంతా ఆ దారిలోనే వేడిగా మారుతోంది. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లకే సీసం కరిగిస్తుంది! గీజర్ నడుస్తుండగా వంటింటి సాకెట్‌లో చూస్తే అక్కడ ఒక్క వోల్టు లోపే తగ్గింది. కాబట్టి తేడా స్తంభం దగ్గర కాదు, బాత్రూమ్ లైన్‌లోనే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. "అక్కా, ఇంత చిన్న డబ్బా చూసి బోర్డు విప్పమంటారా" అన్నాడు. విప్పితే న్యూట్రల్ స్క్రూ వదులై, వైరు తొడుగు నల్లబడి ఉంది. కొన కత్తిరించి మళ్లీ బిగించాక పడేది రెండు వోల్టులే.

ఇక లోపాలు. డబ్బా లావు, పక్క సాకెట్‌ను మూసేస్తుంది. అంకెలు మసక, కింది సాకెట్‌లో పెడితే నేల మీద కూర్చుని చూడాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును పట్టుకుంటుంది గానీ ఫోన్ లేని చార్జర్‌కు సున్నాయే. యూనిట్‌కు ధర పైసల్లో కొట్టుకోవచ్చంటారు, ఆ బటన్లతో అది అయ్యే పని కాదు, నేను కాగితం మీదే వేసుకుంటాను. కొనేటప్పుడు 16 ఆంపియర్లది, లావు పిన్నులది అడగండి. 6 ఆంపియర్లది గీజర్‌కు పెట్టొద్దు. బిల్లు అడిగితే షాపతను వారం వారంటీ రాసిచ్చాడు, మీరూ రాయించుకోండి.