పేర్లున్న గిన్నెలు: చెన్నైలో రెండు రోజులు

నేనూ అక్కా నెల్లూరులో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగాం. లాడ్జి ఎగ్మోర్‌లో, మెట్రోలో ఒక్క స్టేషనే. గది చిన్నదైనా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పొద్దున్నే వేడినీళ్లు వచ్చాయి. రోడ్డు వైపు గది మాత్రం తీసుకోకండి, రాత్రంతా హారన్లే.

సాయంత్రం నుంగంబాకంలో, పాత ఇంటినే గ్యాలరీగా మార్చిన చోట ఒక ప్రదర్శనకి వెళ్లాం. హాలు నిండా వాడేసిన స్టీలు సామాన్లు సన్నటి తీగలకు వేలాడుతున్నాయి. గిన్నెలు, క్యారియర్లు, చెంబులు, సొట్టలు పడ్డ పళ్లేలు. ఇలాంటి స్టీలు సామాన్లతోనే సుబోధ్ గుప్తా అనే కళాకారుడు 2006లో పెద్ద పుర్రె చేశారు. ఫొటోల్లో చూసినప్పుడు నాకు దాని మెరుపే కనిపించింది. ఇక్కడ మెరుపు లేదు. దగ్గరికెళ్తే పేర్లు కనిపిస్తాయి. పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చేటప్పుడు అంచు మీద చుక్కలు చుక్కలుగా వేయించే పేర్లు. ఎక్కువగా తమిళం, అక్కడక్కడా మన అక్షరాలు. ఒకదాని మీద ‘చి. ల. సౌ.’ వరకే చదవగలిగాను. మిగతాది తోమీ తోమీ అరిగిపోయింది.

అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె గిన్నెలు రెండు గోతాలకెత్తి తూకానికి అమ్మేశాం. ఒక్కదాని మీదా పేరు చదవలేదు. అక్క ఒక అన్నం గిన్నె కింద చాలాసేపు నిలబడింది. “ముట్టుకోవచ్చా అమ్మా?” అని అక్కడున్న అమ్మాయిని అడిగింది. సరేనంది. అక్క వేలు తగలగానే పక్క గిన్నెలూ కదిలి, వంటింట్లో సామాన్లు సర్దుతున్న చప్పుడు వచ్చింది. ఇద్దరం ఏడ్చేశాం.

కూర్చోవడానికి అక్కడ ఒక్క బెంచీ లేదు. పెద్దవాళ్లతో వెళ్తే ఇబ్బందే. వివరాలు ఇంగ్లీషులోనే రాశారు. కనీసం తమిళంలో ఉండాల్సింది, ఆ గిన్నెలు తోమినవాళ్లు వస్తే చదువుకుంటారు కదా.

మర్నాడు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద చోళమండలం కళాకారుల గ్రామం చూశాం. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ ముందుండి మొదలుపెట్టించింది. చెట్ల నీడలో శిల్పాలు, తీరిగ్గా తిరగొచ్చు. క్యాబ్ అతను మాత్రం దిగేటప్పుడు ఎక్కువ అడిగాడు. తిరుగు ప్రయాణం బస్సులో చేశాం, హాయిగా ఉంది.

నెల్లూరు వచ్చాక అక్క వాళ్ల అటక మీద వెతికితే అమ్మ ఇంటి మరచెంబు ఒకటి దొరికింది. దాని మీద ఉన్నది అమ్మమ్మ పేరు.