సిగరెట్ కంపు పట్టిన కారుకి ఏది మేలు: ఓజోన్ మెషినా, వెనిగర్ గుడ్డా?

రాయగడలో ఈ మధ్య సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు నన్ను అడుగుతున్నది ఒకటే. లోపల సిగరెట్ కంపు పోవాలంటే షాపులో ఓజోన్ పెట్టించాలా, ఇంట్లో తుడుచుకుంటే సరిపోతుందా అని. గుణుపురం నుంచి మా తోడల్లుడు ఫోన్ చేసి కూడా ఇదే అడిగాడు. నేను రెండూ చేశాను కాబట్టి చెప్పగలను.

మాది ఏపీ 31 నంబరు బండి. ఫిబ్రవరిలో విశాఖ వెళ్లి కొన్నాం. పొద్దున్నే చూపించారు, నాలుగు తలుపులూ తీసే ఉన్నాయి, లోపల సెంటు కొట్టి ఉంది. ఏమీ తెలియలేదు. పార్వతీపురం దాటి కొమరాడ వచ్చేసరికి ఎండెక్కింది. అద్దాలు ఎత్తి ఏసీ వేశాం. అయిదు నిమిషాలకే వెనక సీట్లో అమ్మకి దగ్గు మొదలైంది. ఆవిడకి ఆయాసం ఉంది. అద్దాలు దించుకుని, ఆ దుమ్ములోనే ఇంటికి వచ్చాం.

ముందు ఓజోన్ వైపే మొగ్గాను. కష్టం లేని పని కదా. సీటు మీద ఓజోన్ వాయువు వదిలే మెషిన్ పెట్టి, ఏసీ రీసర్క్యులేషన్‌లో (అంటే లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరిగేలా) నడుపుతూ, తలుపులు మూసి ముప్పావు గంట ఉంచారు. ఆ వాయువుకి ఒక గొప్ప గుణం ఉంది: చెయ్యి దూరని సందుల్లోకీ వెళ్తుంది, కంపు కొట్టే అణువుల్ని అక్కడికక్కడే విరగ్గొడుతుంది. బండి తీసుకున్న రోజు నిజంగానే వాసన లేదు. వారం పది రోజులు బాగుంది. ఏప్రిల్ ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే మళ్లీ అదే కంపు ముఖాన కొట్టింది.

ఎందుకలా అయిందో తెలియాలంటే చుట్ట తాగే తాతగారి గది గుర్తు తెచ్చుకోండి. పక్కబట్టలు ఉతికినా, గోడలకి సున్నం వేసినా, ఎండాకాలం రాగానే దూలాల్లోంచి చుట్ట కంపు దిగుతుంది. కారులోనూ అంతే. కంపు గాలిలో ఉండదు, అంటుకున్న జిగటలో ఉంటుంది. పొగలోని తారు, నికోటిన్ కలిసి అద్దం మీద, డ్యాష్‌బోర్డు మీద, గుడ్డ మీద పసుప్పచ్చటి పొరలా పేరుకుంటాయి. ఓజోన్ ఆ పొర పైపైన పని చేస్తుంది. అడుగున ఉన్నది అలాగే ఉంటుంది, ఎండ వేడికి మళ్లీ బయటికి వస్తుంది. పైగా ఓజోన్ నికోటిన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. ఓజోన్ వాయువు ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఆయాసం ఉన్నవాళ్లకి మరీ చేటు. ఎక్కువసేపు పెడితే తలుపుల రబ్బరు బీటలు వారుతుంది. పెట్టిస్తే మాత్రం ఆ రోజంతా తలుపులు తీసి గాలాడనివ్వండి, పిల్లల్ని ఎక్కించకండి.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది మెషిన్ సంగతి కాదు, కారు లోపలి పైకప్పు సంగతి. మా వీధి చివర బళ్లు కడిగే కుర్రాడు చూపించేదాకా నాకూ తెలియదు. వాడు డ్రైవర్ వైపు సన్‌వైజర్ కిందికి దించి, "అన్నా, దీని వెనకాల చూడు" అన్నాడు. వైజర్ మాటున ఉన్న గుడ్డ లేత బూడిద రంగులో ఉంది. దాని చుట్టూ ఉన్నదంతా టీ మరక రంగు. అంతవరకు పైకప్పు రంగే అది అనుకున్నాను. పొగ ముందు పైకే లేస్తుంది కదా, ఏళ్ల తరబడి తాగిందంతా అక్కడే ఇంకింది. సీట్లు, కార్పెట్లు షాంపూ చేసే చాలామంది తల పైకెత్తి చూడరు.

కప్పు తుడవడంలో ఒక జాగ్రత్త ఉంది. ఆ గుడ్డ వెనక పల్చటి ఫోమ్, దాన్ని బోర్డుకి పట్టి ఉంచే జిగురు ఉంటాయి. నీళ్లు ఎక్కువైతే జిగురు వదిలి గుడ్డ సంచిలా వేలాడుతుంది. ఆవిరి మెషిన్ దగ్గరగా పెట్టినా అంతే. అందుకే తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ మీద స్ప్రే చేసి, గట్టిగా పిండి, ఒక్కో జానెడు చోట అద్దుకుంటూ పోయాను. రుద్దలేదు. మొదటి గుడ్డ రెండు నిమిషాలకే గోధుమరంగుకి తిరిగింది. కప్పు ఒక్కదానికే ఏడు గుడ్డలు పట్టాయి. ముందు అద్దం లోపలి వైపు పాత తెల్ల బనీనుతో తుడిస్తే అది పసుపు కొమ్ము రాసినట్టు అయింది.

బేకింగ్ సోడా ఎందుకు కాదని అడుగుతారు. నికోటిన్ క్షార గుణం ఉన్నది. వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే లవణమై నీళ్లలో కరిగి గుడ్డకి వచ్చేస్తుంది. సోడా కూడా క్షారమే, కాబట్టి నికోటిన్‌ని పట్టుకోలేదు. చెమట వాసన, పాలు ఒలికి పులిసిన వాసన లాంటి వాటికి సోడా బాగా పనికొస్తుంది. కార్పెట్ మీద రాత్రంతా చల్లి ఉంచి వ్యాక్యూమ్ చేస్తే నష్టమేమీ లేదు, నేనూ చేశాను. రంగున్న వెనిగర్ వద్దు, మరక పడుతుంది. లెదర్ సీట్లకీ, టచ్‌స్క్రీన్‌కీ అసలు తగలనివ్వకండి. వెనిగర్ ఘాటు రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది.

కప్పు తర్వాత ఏసీ. సిగరెట్ తాగేవాళ్లు అద్దాలు మూసి రీసర్క్యులేషన్‌లో పెట్టుకుంటే ఆ పొగంతా కూలింగ్ కాయిల్ మీదుగానే తిరుగుతుంది. కాయిల్ తడిగా ఉంటుంది, అంటుకోకుండా ఎలా ఉంటుంది? ఏసీ వేసిన మొదటి నిమిషంలోనే కంపు ఎక్కువగా వస్తే అది కాయిల్‌దే అనుకోండి. నురగలాంటి ఏసీ క్లీనర్ దొరుకుతుంది. మెకానిక్ చేత కొట్టిస్తే డ్రెయిన్ పైపులోంచి మురికి నీళ్లు కారుతాయి. మా బండి కింద పెట్టిన ప్లాస్టిక్ మూతలోకి డికాక్షన్ రంగు నీళ్లు దిగాయి. ఆ తర్వాతే క్యాబిన్ ఫిల్టర్, అంటే లోపలికి వచ్చే గాలిని వడకట్టేది, మార్చండి. ముందే మారిస్తే కొత్తదానికీ కంపు పడుతుంది. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనకాలే ఉంటుంది, సొంతంగా మార్చుకోవచ్చు. కార్బన్ పూత ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

సీట్ బెల్టుల్ని మర్చిపోవద్దు. పూర్తిగా బయటికి లాగి, క్లిప్పు పెట్టి ఆపి, రెండు వైపులా తుడిచి, ఆరాకే వదలండి.

బొగ్గు సంచులు చివర్లో మిగిలిన కాస్త వాసనకి సాయపడతాయి, అంతే. కోరాపుట్ కాఫీ పొడి గిన్నెలో పోసి పెట్టి చూశాం, రెండు వాసనలు కలిసి కడుపులో తిప్పింది. పెర్‌ఫ్యూమ్, అగరొత్తులు వద్దు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బండి పూజ చేయించినప్పుడు కూడా అగరొత్తులు బయటే, బానెట్ దగ్గర వెలిగించమన్నాను.

ఖర్చు సంగతికొస్తే, ఓజోన్‌కి నేను పెట్టింది పన్నెండు వందలు. వెనిగర్, గుడ్డలు, ఏసీ నురగ, ఫిల్టర్ అన్నీ కలిపినా అంతకు కాస్త అటూ ఇటూగా తేలింది, కాకపోతే రెండు ఆదివారాలు పోయాయి. తుడవడానికి ఓపిక లేనివాళ్లు ఓజోన్‌తో సరిపెట్టుకుందామంటే నేను ఒప్పుకోను. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లో చిన్నపిల్లలో ఉంటే అసలే ఒప్పుకోను. అంతా తుడిచాక ఇంకా ఎక్కడో సన్నగా కంపు మిగిలితే, అప్పుడు అరగంట ఓజోన్ పెట్టిస్తే దానికి అర్థముంది. సీటు ఫోమ్‌లోకి దిగేంత సిగరెట్ కాలిన కన్నాలు ఉంటే మాత్రం రెండూ పని చేయవు, సీట్లు కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే.

పోయిందో లేదో చూడ్డానికి మంచి పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం ఎండలో అద్దాలు మూసి రెండు గంటలు వదిలేయండి. తలుపు తీసిన వెంటనే మీరు కాదు, బండి వాసన అలవాటు లేనివాళ్లు లోపలికి తల పెట్టాలి. మే నెలలో మా ఇంట్లో ఆ పని అమ్మే చేసింది. ముందు సీట్లో పావుగంట కూర్చుని, దగ్గకుండా దిగి, "వెనక కప్పు మూల ఇంకా కాస్త ఉందిరా" అంది. ఈలోగా వానలు పట్టుకున్నాయి. మన కొండల్లో వానాకాలం కప్పు తడిపితే ఆరదు, బూజు పడుతుంది. ఆ మూల దసరా వెళ్లాక చేస్తాను.