పాత బొలెరో పికప్‌లో స్టీరియో వైరింగ్ చేయించా, పని బాగుంది

పాత ఓనరు పెట్టించిన స్టీరియో రాత్రంతా బ్యాటరీ తాగేస్తోందని విజయవాడ ఆటోనగర్‌లో ఒక కార్ ఆడియో షాపుకి తీసుకెళ్లా. అక్కడి అన్న సెట్ బయటికి లాగగానే చూపించాడు, పసుపు వైరు ఎర్ర వైరు రెండూ కలిపి మెలేసి డైరెక్ట్‌గా బ్యాటరీకి ఇచ్చేశారు, పైన టేపు కూడా జిగురు కారిపోయి ఊడొచ్చేసింది. పసుపుకి సెట్ మెమరీ (టైము, సేవ్ చేసిన స్టేషన్లు) కోసం ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి, ఎర్రదానికి కీ తిప్పితేనే రావాలి అని చెప్పి, మీటర్ పెట్టి ఇగ్నిషన్ లైన్ వెతికి విడదీశాడు, ఎర్త్ కోసం ఉండే నల్ల వైరుని, బాడీ మీద పెయింట్ గీకి అక్కడ గట్టిగా బోల్ట్ వేశాడు, దాంతో స్పీకర్లలో వచ్చే ఇంజన్ కూత కూడా పోయింది. జాయింట్లన్నీ సోల్డరింగే, పైన స్లీవ్, పసుపు లైన్‌కి కొత్త ఫ్యూజు. లేటవుతుంది, కానీ పని నిజాయితీగా చేస్తారు. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం దాటితే రష్ ఎక్కువ.