ధర్మాబాద్ (మహారాష్ట్ర) స్టేషన్ దగ్గరి చాచా హోటల్, రంజాన్ నెలలో

మిర్చి సీజన్ నడిచినన్నాళ్లూ నా మధ్యాహ్నం భోజనం ఈ హోటల్లోనే. నాలుగు బెంచీలు, ఒక కూలర్, అంతే. ఓనర్‌ని అందరం చాచా అనే పిలుస్తాం. రంజాన్ మొదలైతే పగలు మూసేస్తాడేమో అనుకున్నా, మూయలేదు. వాకిలికి పరదా కట్టి లోపల వడ్డిస్తాడు, వండేదీ ఆయనే, అదీ రోజా (ఉపవాసం)తో.

పప్పు, వంకాయ కూర, వేడి జొన్న రొట్టెలు. రుచికి వంక పెట్టడానికి లేదు. నాకు ఆశ్చర్యం ఎక్కడంటే, నాలుకతో చూసి ఉమ్మేస్తే రోజా పోదని చెప్పేవాళ్లు ఉన్నా చాచా ఆ పని కూడా చెయ్యడు. గరిటె ఎత్తి, వాసన చూసి, దించేస్తాడు. నెలంతా తింటే ఒక్కరోజు పప్పులో ఉప్పు తగ్గింది. చెప్పగానే నొచ్చుకుని, చిన్న గిన్నెలో ఉప్పు తెచ్చి నా పక్కన పెట్టాడు. ప్రవక్త ఏనాడూ తిండికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తిన్నారని, లేకపోతే ఊరుకున్నారని హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల్లో) ఉందట, వాళ్లబ్బాయి చెప్పాడు. ఆ మాట నా దగ్గర మాత్రం చాచా ఎత్తలేదు.

మొదటి రోజు ఆయన ముందు నీళ్లు తాగడానికి నాకు చెయ్యి రాలేదు. గ్లాసు పట్టుకుని అట్లే కూర్చుంటే, "తాగు బేటా, రోజా నాది, దాహం నీది" అన్నాడు. ఆయన పెదాలు ఎండి పొట్టు లేచి ఉన్నాయి.

మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, చాయ్, పండ్లు నడుస్తాయి. ఇక్కడ మరాఠీ వాళ్ల ఏకాదశికి సాబుదానా ఖిచ్డీ ఉంటుంది. రోజాలో అట్లాంటివేం లేవు, ఫజర్ (తెల్లవారుజాము నమాజు వేళ) నుంచి మగ్రిబ్ (పొద్దుగుంకే వేళ) దాకా గుక్కెడు నీళ్లు కూడా వద్దు. అయితే జబ్బు చేసినవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు తర్వాత పట్టుకోవచ్చు, మరిచిపోయి తింటే రోజా పోదు, పొద్దుగుంకాక విడవడానికి ఆలస్యం చెయ్యకూడదు. ఆకలిని సాగదీస్తే పుణ్యం అనే ఆలోచనే లేదు అందులో, నాకు బాగా నచ్చింది అదే. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి 2018లో మే మధ్యలో వచ్చింది, అప్పుడు రోజుకు 14 గంటల పైనే, అప్పుడూ చాచా ఈ పొయ్యి దగ్గరే ఉన్నాడట. నేను మాత్రం ఆకలి లేకున్నా టైమైందని తిని, సగం రొట్టె ప్లేట్లో వదిలి లేచేవాణ్ణి. ఆ ప్లేటు ఆయన ఎత్తుతుంటే చూసినప్పటి నుంచి వదలడం లేదు.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం సమోసాలు నూనె కారుతుంటాయి. రోజా విడిచే ఇఫ్తార్ ముందు పార్సిళ్ల కోసం తోసుకుంటారు, లైన్ పెట్టించాలి. మగ్రిబ్ అజాన్ పడ్డాక కాసేపు ఎవరూ వడ్డించరు, ఖర్జూరం, నీళ్లు, నమాజు అయ్యాకే, దానికి మనమే ఆగాలి.

తప్పక తినాల్సింది సెహ్రీ (రోజా మొదలవక ముందు తెల్లవారుజామున తినే భోజనం) కిచిడీ. ఎర్రపప్పు కిచిడీ, ఖీమా, చింతపండు నువ్వుల ఖట్టా. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊరు కదా, ఆ రుచి ఇంకా పోలేదు. రోజా లేనివాళ్లకూ పెడతాడు, కానీ మూడున్నరకే వెళ్లండి, నాలుగున్నరకు గిన్నె అడుగే మిగులుతుంది.