బరువే గుణం, బరువే దోషం: సీజెడ్ 75 కాంపాక్ట్‌తో 18 నెలలు

డాలస్‌కు ఉత్తరాన మేముండే ఊరిలోని ఇన్‌డోర్ రేంజిలో వరుసగా నాలుగు శనివారాలు అద్దె తుపాకులు కాల్చి చూసి, ఐదో శనివారం నాడు చెక్ దేశపు సీజెడ్ 75 కాంపాక్ట్ పిస్టల్ కొన్నాను. కొని 18 నెలలయింది. ఈలోగా దాదాపు 3,000 తూటాలు కాల్చాను. గత ఏడాదిగా దాన్ని రోజూ నడుముకు పెట్టుకొనే తిరుగుతున్నాను. అంతకు ముందు తుపాకీతో నాకున్న పరిచయమల్లా వరంగల్‌లో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో బోర్లా పడుకొని పాయింట్ 22 రైఫిలుతో కాల్చిన పది తూటాలే. కనుక దీన్ని డబ్బు పెట్టి కొని, రోజూ మోసి, ఒకసారి చేతులారా చెడగొట్టుకొని, మళ్లీ బాగుచేయించుకున్నవాడి అనుభవంగా చదవండి. పేరు విషయంలో తికమక అక్కర్లేదు: ఇక్కడివాళ్లు సీ-జీ అంటారు, మనం సీ-జెడ్ అంటాం, చెక్కులు చే-జెట్ అంటారు, ఏదన్నా కౌంటరు వెనక ఉన్న మనిషికి అర్థమవుతుంది.

తుపాకీని ఎంచుకోవడానికి ముందు మనవాళ్లు చూసుకోవలసింది వీసా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం సాధారణంగా నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటి మీద ఆధారపడదలచినవారు ముందు న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవారు కొనవచ్చు. కొట్టులో నింపించే 4473 ఫారంలో పౌరసత్వం, వీసా వివరాలు అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది మరో నేరం. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకులేవీ లేనివారు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను. దాని పరీక్షలో 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 తూటాలు కాల్చాలి. 250కి 175 మార్కులు వస్తే పాస్. దీనిలో వాడే 9 ఎంఎం తూటా మన దేశంలో నిషిద్ధ బోరు (మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వని కొలత) కిందికి వస్తుంది కనుక, ఊళ్లో పాయింట్ 32 రివాల్వరుకు లైసెన్సు ఉన్న మా పెదనాన్నకు ఫోనులో ఈ సంగతి చెబితే, "పోలీసోళ్ల తుపాకి నీకెట్ల ఇచ్చిండ్రురా" అని అడిగారు.

అద్దెకు తీసుకున్నవాటిలో మొదటిది గ్లాక్ 19. ఫ్రేము (తుపాకీ కింది చట్రం) ప్లాస్టిక్‌ది కనుక ఖాళీ మ్యాగజైనుతో (పిడిలో పెట్టే తూటాల డబ్బాతో) కలిపి సుమారు 670 గ్రాములే తూగుతుంది. మోయడానికి దాన్ని మించింది నాకు కనబడలేదు. కాల్చేటప్పుడు మాత్రం తూటా తూటాకూ మూతి పైకి లేచేది, దాన్ని మళ్లీ గురికి దించుకునేసరికి నాకు ఆలస్యమయ్యేది. రెండోది 1911, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పాత ఉక్కు పిస్టల్. ట్రిగ్గర్ వెన్నలా ఉంది, అయితే పాయింట్ 45 తూటాలు మ్యాగజైనులో ఏడే పడతాయి, 5 అంగుళాల గొట్టంతో బరువు 1.1 కిలోలు. మూడోది సీజెడ్ వారిదే షాడో 2, 1.3 కిలోలకు పైగా తూగే పోటీల తుపాకీ. దానితో కాల్చిన గంటసేపూ నేను గొప్ప గురికాణ్ణన్న భ్రమలో ఉన్నాను, కాని ఆ భ్రమను రోజూ నడుముకు కట్టుకొని కిరాణా కొట్టుకు వెళ్లలేం కదా. నాలుగోది 75 కాంపాక్ట్: ఖాళీగా సుమారు 920 గ్రాములు, గొట్టం 3.75 అంగుళాలు, మ్యాగజైనులో 14 తూటాలు. తూటా ఒక్కింటికి 12 గ్రాముల లెక్కన నింపాక 1.1 కిలోలకు దగ్గర పడుతుంది. ఏడు గజాల నుంచి పది తూటాలు కాల్చి కాగితం దగ్గరికి లాక్కొని చూస్తే, రంధ్రాలన్నీ ఒక తమలపాకు కింద కప్పేయవచ్చు. గ్లాక్‌తో అదే దూరం నుంచి నాకు అరచేతి వెడల్పు వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఒకే తూటా ఏ తుపాకీని తన్నినా తన్ను ఒక్కటే. బరువైన ఉక్కు ఆ తన్నుకు నెమ్మదిగా కదులుతుంది, తేలికైనది వేగంగా ఎగురుతుంది. దానికి తోడు సీజెడ్ 75 నిర్మాణంలో ఒక విశేషం ఉంది. చాలా పిస్టళ్లలో స్లైడు (కాల్చినప్పుడల్లా వెనక్కి జారి వచ్చే పై భాగం) ఫ్రేమును బయటినుంచి పట్టుకొని జారితే, ఇందులో స్లైడు ఫ్రేము లోపలి పట్టాల మీద, గాడిలో తలుపు జారినట్టు జారుతుంది. అందువల్ల స్లైడు చేతికి దగ్గరగా, కిందుగా కూర్చుంటుంది, మూతి పైకి లేవడం తగ్గుతుంది. ఫ్రాంటిషెక్ కౌట్స్కీ తన సోదరుడు యోసెఫ్‌తో కలిసి ఉహెర్స్కీ బ్రోద్ కర్మాగారం కోసం రూపొందించిన ఈ పిస్టల్ 1975లో వెలుగు చూసింది. అప్పటి కమ్యూనిస్టు కూటమి సైన్యాలు వాడని పాశ్చాత్య 9 ఎంఎం తూటాకు, ఎగుమతి కోసం తయారైన సరుకు ఇది. పేటెంటును స్వదేశంలోనే రహస్యంగా ఉంచడంతో విదేశాల్లో దానికి రక్షణ లేకపోయింది. ఇటలీ మొదలుకొని అనేక దేశాల్లో దీని నకళ్లు పుట్టుకొచ్చాయి.

ఆ లోపలి పట్టాలకు మూల్యం కూడా ఉంది. స్లైడు సగం ఫ్రేములో మునిగి ఉండడం వల్ల వేళ్లకు దొరికే భాగం సన్నం; చెమట పట్టిన చేతితో వెనక్కి లాగాలంటే మొదట్లో రెండు మూడు సార్లు జారిపోయింది. శుభ్రం చేయడానికి విప్పే పద్ధతికి కూడా కొంత అలవాటు కావాలి. మ్యాగజైను తీసి, గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూసుకొని, స్లైడును కాస్త వెనక్కి లాగితే ఎడమ పక్క వెనక భాగంలో స్లైడు మీద ఒక గీత, ఫ్రేము మీద ఒక గీత కనిపిస్తాయి. ఆ రెండూ ఒకే వరుసలోకి రాగానే స్లైడును ఫ్రేముకు పట్టి ఉంచే స్లైడు స్టాపు పిన్నును కుడి పక్కనుంచి నెట్టాలి. కొత్తలో అది బొటనవేలికి లొంగదు. మ్యాగజైను అడుగు భాగంతో చిన్నగా ఒక దెబ్బ వేస్తే టక్కున బయటికొస్తుంది. ఆ గీతల వరుస కుదిరిందో లేదో చూడడానికి మొదటి వారం కళ్లజోడు తీసి, దీపం కింద పెట్టి చూసుకునేవాణ్ణి. ఇప్పుడు చేతి స్పర్శకే తెలుస్తోంది.

మార్పుల్లో నాకు ఎక్కువ ఫలితమిచ్చింది పిడి పలకలు. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ పలకలు చెడ్డవి కావు, కాని చెమటకు నున్నగా జారతాయి. గాజునారతో చేసే జి10 అనే గట్టి పదార్థపు పలకలు, సన్నవి, 80 డాలర్లు పెట్టి తెప్పించాను. తెప్పించడంలో ఒక తెలివితక్కువ పని చేశాను: పెద్ద సైజు 75కు చేసినవి ఆర్డరిచ్చి, కాంపాక్ట్ పిడి పొట్టిదన్న సంగతి పెట్టె విప్పాక గ్రహించాను. రెండోసారి వచ్చినవి సరిగ్గా కూర్చున్నాయి. పలక మందం రెండు మిల్లీమీటర్లు తగ్గేసరికి ట్రిగ్గరుకు వేలు అందే తీరే మారిపోయింది. ముందు సైటు (గురి చూసుకునే గుర్తు) స్థానంలో పచ్చగా వెలిగే ఫైబరు సైటు పెట్టించాను. వెనక సైటులోని రెండు తెల్ల చుక్కలను నల్ల మార్కరుతో పూసేశాను. కంటికి ఒక్క పచ్చ చుక్కే మిగిలింది, గురి వెంటనే దొరుకుతోంది. మార్కరు ఒక డాలరు.

ఇక చెడగొట్టుకున్న కథ. ఈ పిస్టల్‌కు మొదటి తూటా రెండు రకాలుగా కాల్చవచ్చు: హ్యామరు (వెనక ఉండి, సూదిని కొట్టి తూటాను పేల్చే సుత్తి) దించి ఉంటే ట్రిగ్గరును దూరం నుంచి, సుమారు ఐదు కిలోల బలంతో లాగాలి, హ్యామరు ఎత్తి ఉంటే చిన్న కదలికకు, రెండు కిలోల బలానికే పేలుతుంది. మొదటిది మరీ బరువనిపించి, మా ప్రాంతంలోని ఒక తుపాకీ మెకానిక్కు దగ్గర బాగా తేలికైన హ్యామరు స్ప్రింగు వేయించాను. ట్రిగ్గరు పట్టులా తయారైంది, నేనూ మురిసిపోయాను. మరుసటి శనివారం 50 తూటాల పెట్టెలో మూడు పేలలేదు. బయటికి తీసి చూస్తే ప్రైమరు (తూటా అడుగున, సూది దెబ్బకు అంటుకునే భాగం) మీద సూది గుర్తు పడీ పడనట్టుంది. స్ప్రింగు తేలికవడంతో హ్యామరు దెబ్బలో సత్తా లేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ మెకానిక్కు "తూటాల తప్పు, మెత్తటి ప్రైమరు ఉన్న రకం కొనండి" అన్నాడు. రేంజిలో కాగితాన్ని కొట్టే తుపాకీకి ఆ సలహా చెల్లుతుందేమో. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తీయవలసిన పిస్టల్ తూటా రకాన్ని ఎంచుకుంటూ కూర్చోకూడదు. 40 డాలర్ల స్ప్రింగు, 90 డాలర్ల కూలీ నీళ్లలో పోశాను. మరొకరి దగ్గర పాత స్ప్రింగే వేయించి, లోపలి భాగాలు ఒకదానికొకటి రాసుకునే చోట నునుపు మాత్రం చేయించాను. ట్రిగ్గరు లాగడానికి పట్టే బలం పెద్దగా తగ్గలేదు, గరుకుదనం పోయింది. ఆ తరువాత కాల్చిన 1,800 తూటాల్లో పేలనిది ఒక్కటీ లేదు. ఇంట్లో తూటా లేకుండా సాధన చేసేవారు ఉత్తుత్తి తూటాలు పెట్టి చేయడం మంచిది. సూదిని పట్టి ఉంచే సన్నటి చుట్ట పిన్ను ఉత్త గదిలో పదే పదే కొడితే విరిగే స్వభావం గలది.

వెంట ఉంచుకోవడంలో పిస్టల్ కంటే బెల్టే ముఖ్యమని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆఫీసుకు కట్టుకునే మామూలు తోలు బెల్టుతో మొదటి వారం ప్యాంటు కుడి పక్క జారుతూ, మధ్యాహ్నానికి తుంటి నొప్పి పుట్టింది. లోపల గట్టి పట్టీ కుట్టిన బెల్టు, ట్రిగ్గరును పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టరు (పిస్టల్ ఒర) వచ్చాక అదే 1.1 కిలోలు వీపు వైపు సర్దుకుంది. అయినా బరువు బరువే. సాయంత్రం ఇంటికొచ్చి తీసి పెట్టినప్పుడు నడుము ఊపిరి పీల్చుకుంటుంది. టెక్సస్ జులైలో 40 డిగ్రీల ఎండకు చొక్కా లోపల కారే చెమట ఉక్కుకు శత్రువు. దీని మీద నల్లటి పాలికోటు పూత ఉన్నా, నేను రెండు వారాలు తుడవకుండా వదిలేస్తే పిడి మర తలల్లో తుప్పు చుక్కలు లేచాయి. ఇప్పుడు రాత్రి పూట నూనె గుడ్డతో ఒక తుడుపు తప్పనిసరి.

ఈ రకంలో హ్యామరును భద్రంగా దించే మీట లేదు. సేఫ్టీ మీట హ్యామరు ఎత్తి ఉన్నప్పుడే పడుతుంది. నిండు తుపాకీ హ్యామరును బొటనవేలితో దించడం నాకు ఇష్టం లేక, హ్యామరు ఎత్తి, సేఫ్టీ వేసే పెట్టుకుంటాను. ట్రిగ్గరు పూర్తిగా లాగేదాకా సూదిని కదలనివ్వని అడ్డు లోపల ఉందని ఎన్నిసార్లు చెప్పినా, వెనక్కి విరుచుకున్న ఆ హ్యామరును చూసినప్పుడల్లా మా ఆవిడ మొహం మారిపోతుంది. ఆమె మాటే పట్టుకొని ఇంట్లో వేలిముద్రతో తెరుచుకునే పెట్టె కొన్నాను. 17 ఏళ్ల లోపు పిల్లలకు నిండు తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా ఉంచడం టెక్సస్‌లో ఎలాగూ నేరమే. పిల్లల బడికి వెళ్లే రోజున అది పెట్టెలోనే ఉంటుంది. గుడికి వెళ్లేటప్పుడు కూడా తీసుకెళ్లను. ద్వారం దగ్గర నిషేధం బోర్డు ఉందా లేదా అన్నది నాకు అనవసరం, చెప్పులే బయట విడిచే చోటికి ఇదెందుకు?

లెక్క చెప్పాలంటే పిస్టల్ 650 డాలర్లు, వ్యర్థమైనవాటితో కలిపి మార్పులు 420, బెల్టు, హోల్‌స్టరు, పెట్టె 330. పోయిన నెల ఆఫీసు మిత్రుడు ఒకాయన రేంజికి వచ్చి దీన్ని కాల్చి చూశారు. ఆయన చేయి చిన్నది. హ్యామరు దించి ఉన్నప్పుడు ట్రిగ్గరు మీదికి వేలి కొసే అందింది, మొదటి తూటా ఎప్పుడూ ఎడమకే వెళ్లింది. హ్యామరు ఎత్తాక మాత్రం నాకంటే బాగా కాల్చారు. రెండు వారాలు ఆలోచించి, ఇదే కుటుంబానికి చెందిన, అల్యూమినియం ఫ్రేముతో తేలికగా ఉండి హ్యామరు దించే మీట కూడా ఉన్న పీ-01 కొనుక్కున్నారు. బెల్టు మాత్రం నా బెల్టు లాంటిదే తెప్పించుకున్నారు.